ఎనిమిదో నంబరు సూది, పెరుగు గిన్నె టోపీ

మా ఇంట్లో పెరుగు గిన్నెకు ఒక ఊలు టోపీ ఉంది. ఇటుక రంగు, కింద బార్డరు, నడినెత్తిన చిన్న ముడి. చలికాలంలో పాలు తోడు పెట్టి మూత వేశాక మా ఆవిడ గిన్నెకు ఆ టోపీ తొడిగి, పప్పుల డబ్బాల వెనక గాలి తగలని చోట ఉంచుతుంది. డిసెంబరులో కూడా తెల్లవారేసరికి పెరుగు గట్టిగా తోడుకుంటుంది. ఇంటికి వచ్చినవాళ్ళు చూసి భలే ఆలోచన అంటారు. ఆలోచన ఏమీ కాదు. అది నా తల కోసం నేను అల్లిన మొదటి టోపీ.

నేను లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో లేత్ మిషన్ మీద 34 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. ఉండేది మల్కాజిగిరిలో. పొద్దున్నే సఫిల్‌గూడ చెరువు చుట్టూ నడుస్తాను. హైదరాబాదులో చలి ఏమిటని కోస్తా నుంచి వచ్చే మా చుట్టాలు నవ్వుతారు కాని, ఇది సముద్రమట్టానికి 500 మీటర్ల పైన కూర్చున్న ఊరు. డిసెంబరు చివర, జనవరి మొదట్లో, మబ్బు లేని రాత్రి గడిచి తెల్లవారే వేళకు 12, 13 డిగ్రీలకు దిగడం మామూలే. పటాన్‌చెరు వైపు అంతకన్నా తక్కువ. ఆ వేళప్పుడు చెరువు మీదుగా వచ్చే గాలి నా తలకు తగిలినట్టు జుట్టున్నవాళ్ళ తలకు తగలదు. ఒంట్లో వేడి సగం తలలోంచే పోతుందని చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. ఒంటి చర్మంలో తల వంతు సుమారు పదో భాగం, పోయే వేడీ దాదాపు అంతే. కాకపోతే నా విషయంలో ఆ పదో భాగానికి పైకప్పు లేదు.

మంకీ టోపీ ఒకటి ఉండేది. అది పెట్టుకుని నేను గేటు తీస్తే వీధి కుక్కలు మొరిగేవి. మా ఆవిడ “ఏమండీ, ఇవాళ ఎవరింటికి కన్నం వేస్తున్నారు?” అని అడిగేది. 1854లో క్రిమియా యుద్ధంలో పోరు జరిగిన బలక్లావా అన్న ఊరి పేరే ఇంగ్లీషులో ఆ టోపీకి నిలిచిపోయింది. అంత యుద్ధ సన్నాహం సఫిల్‌గూడ చెరువుకు ఎక్కువేనని నాకూ అనిపించేది. నాకు కావలసింది చెవులు కప్పి ముఖం వదిలేసే టోపీ. ఇప్పటి పిల్లలు బీనీ అంటున్నారు చూడండి, అది.

కొనుక్కోవచ్చు. చలికాలం రాగానే కోఠి వైపు వెళితే స్వెట్టర్లు, టోపీలు కుప్పలుగా పోసి అమ్ముతారు. నేను కొనకుండా అల్లిక మొదలు పెట్టడానికి కారణం మా వీధి చివర ఉండే సుబేదారుగారి భార్య, మా భాభీజీ. ఉత్తరాఖండ్‌లోని గఢ్వాల్ వాళ్ళు. ఆయన ఇక్కడే రిటైరై ఇల్లు కట్టుకున్నారు. సాయంత్రం ఆవిడ మెట్ల మీద కూర్చుని, టమాటాల ధర గురించి మాట్లాడుతూ, చేతుల వంక ఒక్కసారి కూడా చూడకుండా స్వెట్టరు అల్లుతారు. మా ఆవిడ ఆ కబుర్ల కోసం వెళ్ళేది. నేను ఆ చేతులు చూడడానికి వెళ్ళేవాణ్ణి. ఒక్క దారం, రెండు పుల్లలు. ఎక్కడా ముడి వేయకుండా గుడ్డ తయారవుతోంది. యంత్రం దగ్గర బతికినవాడికి ఇది ఎలా జరుగుతోందో తెలియకపోతే నిద్ర పట్టదు.

మాది జనగామ వైపు పల్లె. మా నాన్నకు నల్ల గొంగడి ఉండేది. దక్కనీ గొర్రెల బొచ్చు, కురుమల నేత, చింతగింజల గంజి పట్టించినది. దానిని భుజాన వేసుకుంటే చెక్క పలక మోసినట్టుండేది. గొంగడి మగ్గం మీద పడుగూ పేకా కలిసి తయారవుతుంది. దారాలు తిన్నగా ఉంటాయి, కాబట్టి లాగినా సాగదు. అల్లిక అలా కాదు. దారం మొదటి నుంచి చివరిదాకా వంపులు తిరుగుతూ పోతుంది, ఒక వంపులోంచి ఇంకో వంపు వస్తుంది. లాగితే వంపులు సర్దుకుని సాగుతాయి, వదిలితే వెనక్కు వస్తాయి. తాడూ బొత్తామూ లేకుండా టోపీ తల మీద నిలబడేది అందుకే. ఇదంతా నేను ఆ మెట్ల మీద కూర్చుని ఒక వారం ఆలోచించి తెలుసుకున్నాను. భాభీజీని అడిగి ఉంటే ఒక్క నిమిషంలో చెప్పేవారు. మొదట అడగడానికి మొహమాటపడ్డాను.

ఆ మొహమాటమే పెరుగు గిన్నెకు టోపీ పెట్టింది. ఎవరినీ అడగకుండా, ఫోనులో ఒక అమెరికా ఆవిడ వీడియో చూసి, ఎనిమిదో నంబరు సూదులు, 90 కుట్లు అని చీటీ మీద రాసుకున్నాను. సికింద్రాబాద్ జనరల్ బజారుకు వెళ్ళి ఎనిమిదో నంబరు సూదులు అడిగాను. ఇచ్చారు. ఊలు ఉండలు రెండు కొన్నాను. పన్నెండు సాయంత్రాలు తలుపు వేసుకుని అల్లాను. అల్లుతున్నప్పుడు కుట్లన్నీ సూది మీద గుమిగూడి ఉంటాయి కాబట్టి వెడల్పు ఎంత వస్తోందో కనిపించదు. కుట్టి, తిరగేసి, అద్దం ముందు నిలబడి పెట్టుకున్నాను. వంకాయకు ముచ్చికలా నడినెత్తి మీద కూర్చుంది. చెవులదాకా లాగితే టక్కున పైకి లేచిపోయింది. టేపు పెట్టి కొలిస్తే చుట్టుకొలత 38 సెంటీమీటర్లు. నా తల 56.

ఎక్కడ తప్పింది? కుట్లు లెక్క పెట్టాను, సరిపోయాయి. అప్పుడు బీరువాలోంచి నా వెర్నియర్ కాలిపర్ తీశాను. రిటైరైన రోజు పూలదండ కన్నా నేను భద్రంగా ఇంటికి తెచ్చుకున్నది అదే. సూది మందం 4 మిల్లీమీటర్లు. వీడియోలో ఆవిడ చేతిలో ఉన్నది 5 మిల్లీమీటర్ల సూది. అమెరికా లెక్కలో ఎనిమిదో నంబరు అంటే 5 మిల్లీమీటర్లు. మన దుకాణాల్లో నడిచేది పాత బ్రిటిష్ నంబరు, అందులో ఎనిమిది అంటే 4. ఇది తెలిశాక నన్ను నేను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయను. ఎందుకంటే బ్రిటిష్ సూదుల నంబర్లు వచ్చింది తీగల గేజ్ నుంచి. వర్క్‌షాపులో రోజూ చేతబట్టిన లెక్క అది. ఎనిమిదో గేజ్ తీగ 4.06 మిల్లీమీటర్లని నిద్రలో లేపి అడిగినా చెబుతాను. తీగను అచ్చు రంధ్రాల్లోంచి లాగినకొద్దీ సన్నబడుతుంది కాబట్టి ఆ లెక్కలో నంబరు పెరిగితే మందం తగ్గుతుంది. అమెరికా సూదుల్లో నంబరు పెరిగితే మందమూ పెరుగుతుంది. ఒకటి మెట్లు దిగుతుంటే రెండోది ఎక్కుతుంది. కాబట్టి మీరు సూదులు కొనేటప్పుడు నంబరు అడగకండి, మిల్లీమీటర్లు అడగండి. 5 మిల్లీమీటర్ల సూది మన దుకాణంలో ఆరో నంబరు.

మరునాడు ఆ టోపీ పట్టుకుని సిగ్గు విడిచి మెట్ల దగ్గరకు వెళ్ళాను. భాభీజీ నవ్వలేదు. టోపీని లోపల, బయట తిప్పి చూసి, “కుట్లు బాగానే ఉన్నాయి భాయీసాబ్, చేయే బిగువు. ఇది ఇనుము కాదు, ఇంత గట్టిగా పట్టుకోకండి” అన్నారు. ఆకురాయి పట్టినట్టు సూది పట్టుకుంటున్నానట. సూది మందం ఒక తప్పు, చేతి బిగువు రెండో తప్పు. రెండూ ఒకవైపే లాగాయి.

ఇక ఇక్కడి నుంచి అల్లే పద్ధతి చెబుతాను. నేను నేర్చుకున్న వరుసలోనే.

ముందు ఊలు. దుకాణంలో ఊలు అని అమ్మేదంతా గొర్రె బొచ్చు కాదు. ఎక్కువ భాగం ఆక్రిలిక్. లుధియానా మిల్లుల నుంచి వచ్చే ఉండలే మన దగ్గర ఎక్కువ. లేబులు చదవండి. లేబులు లేకపోతే చిన్న ముక్క పట్టకారుతో పట్టుకుని సింకు దగ్గర అంటించి చూడండి. ఆక్రిలిక్ అయితే కరిగి గట్టి నల్ల పూస అవుతుంది. అసలు ఉన్ని అయితే వెంట్రుకలు కాలిన వాసన వేస్తుంది, మంట తీసేస్తే ఆరిపోతుంది, బూడిద వేళ్ళ మధ్య నలుగుతుంది. నేను ఒకే రోజు నాలుగు రకాలు అంటించి చూశాను. ఇల్లంతా ఆ వాసన పట్టుకుందని మా ఆవిడ సాంబ్రాణి వేసింది.

రెండింటిలో ఏది మేలని అడిగితే, వెచ్చదనానికి ఉన్నే మేలు. దాని పీచు వంకరటింకరగా ఉంటుంది, ఆ వంకర్ల మధ్య గాలి నిలుస్తుంది, మనకు వెచ్చగా ఉండేది ఆ గాలి వల్లే. పైగా తన బరువులో 30 శాతం దాకా తేమ పీల్చుకున్నా తడిగా అనిపించదు. వేగంగా నడిచేవాళ్ళ తల చెమట పడుతుంది కాబట్టి అది చిన్న విషయం కాదు. కాని మొదటి టోపీకి ఆక్రిలిక్ కొనండి. పదిసార్లు విప్పినా ఓర్చుకుంటుంది, వేడినీళ్ళు తగిలితే ముడుచుకుపోదు, చవక. నాకు సూదులు, ఊలు అన్నీ కలిపి 300 రూపాయలు కాలేదు. 100 గ్రాములు తీసుకుంటే మిగులుతుంది కూడా. మా వంటింటి తూకం మీద నా రెండో టోపీ 78 గ్రాములు తూగింది. లేబులు మీద సూది బొమ్మ పక్కన 5 మిల్లీమీటర్లు అని ఉన్న మందం చూసుకోండి. రంగు మాత్రం లేతది. నలుపు, ముదురు నీలం కొంటే అరవై దాటిన కళ్ళకు కుట్లు కనబడవు, ట్యూబులైటు కింద అసలే కనబడవు.

తర్వాత నమూనా. అందరూ దాటేసేది ఇదే, నేనూ దాటేశాను. 24 కుట్లు ఎక్కించి ఒక చిన్న చదరం అల్లండి. ఉతికి, పరిచి ఆరబెట్టి, మధ్యలో 10 సెంటీమీటర్ల మేర స్కేలు పెట్టి ఎన్ని కుట్లు ఉన్నాయో లెక్కించండి. నిలువుగా పేర్చిన ఇంగ్లీషు ‘వి’ అక్షరాల్లా కనిపిస్తాయి, ఒక్కో ‘వి’ ఒక్కో కుట్టు. చేయి వదులు చేసుకుని, 5 మిల్లీమీటర్ల సూదితో అల్లితే నాకు 18 కుట్లు, 25 వరుసలు వచ్చాయి. మొదటి టోపీని అలాగే కొలిస్తే 23 కుట్లు. 10 సెంటీమీటర్లకు 5 కుట్ల తేడా. చూడడానికి ఏమీ కాదు. తల చుట్టూ తిరిగేసరికి అది అరచేయంత లోటు.

టోపీ తల కొలత కన్నా 6, 7 సెంటీమీటర్లు తక్కువ ఉండాలి, సాగి పట్టుకోవాలి కాబట్టి. నా తల 56, టోపీ 49. సెంటీమీటరుకు 1.8 కుట్లు చొప్పున 88. కుట్టుబడిలో పోయేందుకు అటొకటి ఇటొకటి కలిపితే 90. ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటి ఉంది. 88 ఎనిమిదితో భాగించబడుతుంది. చివర్లో కుట్లు తగ్గించేటప్పుడు ఆ ఎనిమిదే మనల్ని కాపాడుతుంది. మీ తల ఏ కొలతైనా, ఎనిమిది గుణిజానికి రెండు కలిపిన సంఖ్య ఎంచుకోండి. పిల్లలకు 82, నా వంటివాళ్ళకు 90, పెద్ద తలలకు 98.

కుట్లు ఎక్కించడం రాతలో చెబితే రాదు. బొటనవేలు, చూపుడువేలు మధ్య ఊలు చాచి సూదితో ఒక్కో వంపు ఎత్తడం. తెలిసినవాళ్ళ చేతులు అయిదు నిమిషాలు చూస్తే వస్తుంది. నేను చెప్పదగినది తోక సంగతి. ఈ పద్ధతిలో ముందే కొంత ఊలు తోకగా వదిలి మొదలు పెట్టాలి. ఎంత వదలాలి? నేను లెక్క వేశాను. ఒక్కో కుట్టుకు తోక సూది చుట్టూ ఒక్క చుట్టు తిరుగుతుంది. సూది వ్యాసం 5 మిల్లీమీటర్లు, చుట్టుకొలత 15.7. తొంభైతో హెచ్చవేస్తే ఒక మీటరూ 41 సెంటీమీటర్లు. గర్వంగా అంతే వదిలి మొదలు పెట్టాను. 68వ కుట్టు దగ్గర తోక అయిపోయింది. ఊలుకూ మందం ఉంటుందని, ఆ చుట్టు సూది అంచు మీద కాక దాని పైన తిరుగుతుందని అప్పుడు తట్టింది. కుట్టుకు 2 సెంటీమీటర్లు దాటి పడుతుంది. ఇప్పుడు రెండుంపావు మీటర్లు వదులుతున్నాను. భాభీజీ ఏ లెక్కా లేకుండా భుజం నుంచి వేలి కొస దాకా మూడుసార్లు కొలిచి వదులుతారు, ఎప్పుడూ సరిపోతుంది.

అల్లికలో ఉన్నవి రెండే కుట్లు, సీదా, ఉల్టా. ఊలు సూదుల వెనక ఉంచుకుని, కుడి సూది మొనను కుట్టులోకి ముందు నుంచి వెనక్కు గుచ్చి, ఊలు చుట్టి, ఆ వంపును ముందుకు లాగితే సీదా. ఊలు ముందుకు తెచ్చుకుని, మొనను వెనక నుంచి ముందుకు వచ్చేలా గుచ్చి, చుట్టి, వంపును వెనక్కు నెడితే ఉల్టా. లోకంలో స్వెట్టర్లన్నీ ఈ రెండింటి మీదే నడుస్తున్నాయి. కంప్యూటర్లు సున్నా ఒకటి మీద నడుస్తాయని మా మనవరాలు చెబితే నేను ఈ మాటే అన్నాను. ఆమె ఫోనులోంచి తల ఎత్తలేదు.

బార్డరుకు రెండు సీదా, రెండు ఉల్టా. మొదటి వరుస రెండు సీదాలతో మొదలై, రెండు ఉల్టా రెండు సీదా అంటూ పోతే తొంభయ్యో కుట్టు సీదాలోనే ముగుస్తుంది. తిప్పి పట్టుకున్నాక సీదాలు ఉల్టాల్లా కనిపిస్తాయి. ఏది ఎలా కనిపిస్తే అలాగే అల్లండి, లెక్క అక్కర్లేదు. ఉల్టాల నిలువు గీతలు లోపలికి దాక్కుంటాయి, సీదాల గీతలు పైకి లేస్తాయి, మొత్తం హార్మోనియం తిత్తిలా ముడుచుకుంటుంది. చెవుల మీద పట్టు అంతా దానిదే. 5 సెంటీమీటర్లు చాలు. అంచు మడిచి వేసుకోవాలంటే 10 అల్లండి.

ఇక్కడే కొత్తవాళ్ళందరూ పడే గుంట ఉంది. సీదా నుంచి ఉల్టాకు మారేటప్పుడు ఊలు ముందుకు, ఉల్టా నుంచి సీదాకు మారేటప్పుడు వెనక్కు తేవాలి. రెండు సూదుల మధ్య నుంచి తేవాలి, సూది మీదుగా కాదు. సూది మీదుగా వస్తే అది ఒక దొంగ కుట్టు అవుతుంది, దాని కింద చిన్న కన్నం పడుతుంది. మూడో వరుస చివర లెక్కిస్తే నాకు 97 వచ్చాయి. తొంభై కుట్లతో మొదలైన సంసారంలో ఆ ఏడుగురు ఎక్కడ పుట్టారో అర్థం కాలేదు. భాభీజీ వేలితో ఒక్కో దొంగను చూపించారు. విప్పేశాను.

విప్పడం గురించి ఒక మాట. లేత్ మీద ఉలి పావు మిల్లీమీటరు లోతుగా దిగితే ఆ ముక్క తుక్కు కుప్పలోకే. తీసిన లోహాన్ని మళ్ళీ అతికించలేం. 34 ఏళ్ళు ఆ భయంతోనే పని చేశాను, కోత వేసే ముందు మూడుసార్లు కొలిచి, ఊపిరి బిగబట్టి. మొదటిసారి నలభై వరుసలు విప్పినప్పుడు చేతులు వణికాయి. తీరా చూస్తే అదే ఊలు, అంతే పొడవు, నా ఒళ్ళో కూర్చుంది. కొంచెం సేమ్యాలా వంకర్లు తిరిగింది, అంతే. కొంచెం తడిపి వేలాడదీస్తే అవీ పోయాయి. ఆ రాత్రి నేను అనవసరంగా ఇంకో రెండుసార్లు అల్లి విప్పాను. మా ఆవిడకు కారణం చెప్పలేదు.

బార్డరు అయ్యాక ఒక వరుస అంతా సీదా, తిప్పి ఇంకో వరుస అంతా ఉల్టా. మొదలు నుంచి కొలిస్తే 15 సెంటీమీటర్లు వచ్చేదాకా ఇదే. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉందనిపించే భాగం ఇది. రేడియో పెట్టుకోండి. అంచులు లోపలికి చుట్టుకుంటున్నాయని కంగారు పడకండి, ఆ అల్లిక స్వభావమే అది, కుట్టుబడిలో సర్దుకుంటుంది. కుట్టు జారిపోతే మాత్రం ఆగండి. జారిన కుట్టు కింది వరుసల్లోకి నిచ్చెన మెట్లలా ఊడుతూ పోతుంది. క్రోషియా సూది తీసుకుని, జారిన వంపులోకి గుచ్చి, దాని పైనున్న అడ్డ దారాన్ని అందుకుని లోపలి నుంచి లాగండి. మెట్టు మెట్టుగా పైకి తెచ్చి సూదికి ఎక్కించండి. మొదటిసారి ఈ పని చేసినప్పుడు నాకు కలిగిన ఆనందం టోపీ పూర్తయినప్పుడు కూడా కలగలేదు.

15 సెంటీమీటర్ల దగ్గర తగ్గింపు మొదలవుతుంది, ఉల్టా వరుస ముగించి సీదా వైపు తిరిగినప్పుడు. మొదటి కుట్టు, చివరి కుట్టు అంచులవి, వాటి జోలికి పోవద్దు. మధ్యలో 88 కుట్లు ఎనిమిదేసి చొప్పున పదకొండు జట్లు. ఒక్కో జట్టులో ఆరు మామూలు సీదాలు, తర్వాత రెండు కుట్లు కలిపి ఒకే సీదా. వరుస చివరకు 79 మిగలాలి. తిప్పి ఉల్టా వరుస, ఏమీ తగ్గించకుండా. మళ్ళీ సీదా వైపు ఈసారి అయిదు మామూలు, రెండు కలిపి ఒకటి. 68. ఇలా ప్రతి సీదా వరుసలో పదకొండేసి తగ్గుతూ 57, 46, 35, 24, చివరకు 13. ఏ వరుసలోనైనా ఈ సంఖ్య రాకపోతే ముందుకు పోకండి, ఆ వరుస మాత్రమే విప్పి చూడండి. మొదటి టోపీ సైజు తప్పినా ఈ భాగం తప్పలేదు. పైనుంచి చూస్తే పదకొండు గీతలు సుడి తిరుగుతూ నడినెత్తికి చేరతాయి, లేత్ మీద చక్కగా మొఖం కోసిన చక్రంలా.

13 కుట్ల దగ్గర ఊలు అర మీటరు వదిలి తెంపండి. దబ్బనం లాంటిది, కాని మొన మొద్దుగా ఉన్న సూదికి ఎక్కించి, ఆ పదమూడు కుట్లలోంచి లాగి, సంచి మూతి బిగించినట్టు బిగించండి. ఒకసారి సరిపోదు, రెండోసారి తిప్పండి, లేకపోతే ఉతికినప్పుడు నెత్తిన కన్నం పడుతుంది. అదే దారంతో పక్కలు కుట్టండి. రెండు అంచులను సీదా వైపు పైకి ఉండేలా పక్కపక్కన పెట్టి, అంచు కుట్టుకు లోపలగా కనిపించే అడ్డ దారాలను ఇటొకటి అటొకటి ఎత్తుతూ దిగాలి. నాలుగైదు కుట్లకోసారి లాగితే రెండు అంచులూ జిప్పు మూసుకున్నట్టు దగ్గరవుతాయి. మామూలు బట్టలు కుట్టినట్టు పైపైన చుట్టి కుట్టవద్దు, వెనకవైపు కట్టలా లేస్తుంది. నా మొదటి టోపీకి ఆ కట్ట ఉంది, పెరుగు గిన్నె ఇంతవరకు ఫిర్యాదు చేయలేదు.

రెండో టోపీ మీగడ రంగుది. ఎనిమిది సాయంత్రాలు పట్టింది. చెవులు పూర్తిగా కప్పింది, ఎత్తు 20 సెంటీమీటర్లు దాటింది, నుదుటి మీద గీత పడలేదు. మరునాడు పెట్టుకుని నడకకు వెళ్ళాను. వీధి కుక్కలు మొరగలేదు.

చెరువు దగ్గర మా నడక మిత్రులు నలుగురం ఉంటాం. మగవాడివి అల్లికలేమిటని ఒకాయన అన్నాడు. సూదులు చేసింది లోహంతో, లెక్క కట్టింది గేజ్‌తో, ఇందులో నా పని కానిది ఏముందని అడిగాను. ఇంకొకాయన రిటైరైన చరిత్ర లెక్చరరు. ఆయన వెంటనే ఇంగ్లండు సంగతి ఎత్తుకున్నాడు. మొదటి ఎలిజబెత్ రాణి కాలంలో, 1571లో, అక్కడ ఒక చట్టం చేశారట. ఆరేళ్ళు దాటినవాళ్ళు ఆదివారాలూ పండుగలూ అల్లిన ఉన్ని టోపీ పెట్టుకోవాలి, లేకపోతే రోజుకు 3 షిల్లింగుల 4 పెన్నీల జరిమానా. పెద్దింటివాళ్ళకు, ఇంకొందరికి మినహాయింపు. టోపీలు అల్లేవాళ్ళకు గిరాకీ ఉండాలని చేశారు. జనం సరిగ్గా పట్టించుకోలేదు, 1597లో ఎత్తేశారు. మన హెల్మెట్ చలానాకు ముత్తాత అన్నమాట. ఇదంతా చెబుతున్నంతసేపూ ఆయన చూపు నా టోపీ మీదే ఉంది. చివరకు తన తల తడుముకుంటూ “నాకు ఏ రంగు నప్పుతుందంటావు?” అన్నాడు.

జేబులో టేపు ఎప్పుడూ ఉంటుంది. అక్కడే బెంచీ మీద కూర్చోబెట్టి కొలిచాను. 60 సెంటీమీటర్లు. అంత చరిత్ర నిలవ చేయాలంటే ఆ మాత్రం జాగా కావాలి. ఏడు తీసేస్తే 53, 1.8తో హెచ్చవేస్తే 95 చిల్లర. 96 తీసుకుంటే ఎనిమిదేసి చొప్పున పన్నెండు జట్లు, అంచులు కలిపి 98. ఈసారి అసలు ఉన్ని కొన్నాను, బూడిద రంగు. అంటించి చూసే కొన్నాను, ఇంటి బయట. ఉన్ని కాబట్టి చల్లనీళ్ళలో పిండకుండా ఉతికి, తువ్వాలులో చుట్టి నొక్కి, నీడలో పరిచి ఆరబెట్టాలని కాగితం మీద రాసి టోపీతోపాటు ఇస్తాను. ఆయన భార్య చేతికి ఇస్తాను, ఆయనకు కాదు.

నిన్న రాత్రికి బార్డరు 4 సెంటీమీటర్లు వచ్చింది. ఇంతలో మా ఆవిడ దీపావళికి కొన్న పెద్ద స్టీలు గిన్నె తెచ్చి నా పక్కన పెట్టి వెళ్ళింది. కొలిచాను, చుట్టూ 58.